ఇంగ్లండన్న అమ్మతోడు

ఒక చలికాలం మా మేడ మీది పోర్షన్‌లో ఇంగ్లండు క్రికెటర్ ఒకాయన అద్దెకు ఉన్నాడు. ఈ మాట అనగానే మా తార్నాక కాలనీ అంతా అడిగినట్టే మీరూ అడుగుతారు, ఎవరాయన, టీవీలో చూశామా అని. చూడలేదు. చూసే అవకాశమూ లేదు. ఆయన ఇంగ్లండుకు ఆడలేదు, ఇంగ్లండులో ఆడాడు. ఈ రెంటికీ తేడా మా కాలనీకి బోధపడడానికి వారం పట్టింది. ఆ వారమంతా మా మెట్ల మీద సెల్ఫీల క్యూ. తేడా తెలిసిన మర్నాటి నుంచి ఆయన్ని పలకరించిన పాపాన ఎవరూ పోలేదు, చెత్త బండి వచ్చినప్పుడు బకెట్ కిందికి తెమ్మని కేకేయడం తప్ప.

నేను డిగ్రీ కాలేజీలో రాజనీతి శాస్త్రం చెబుతాను. శని ఆదివారాల్లో యూనివర్సిటీ క్యాంపస్ గ్రౌండులో లీగ్ మ్యాచులకు అంపైరింగ్ చేస్తాను. ఆడవాళ్లకు ఎల్బీడబ్ల్యూ ఏం తెలుస్తుందని మా ఆయన ఒకసారి నోరు జారాడు. ఆ కసితో చదివి అంపైర్ల పరీక్ష పాసయ్యాను. అన్న మాట ఆయన మరిచిపోయాడు. నేను మరిచిపోలేదు, తెల్లకోటు తొడిగినప్పుడల్లా గుర్తు చేస్తుంటాను. ఆడే కుర్రాళ్లు నన్ను అంపైరక్క అంటారు. నా వేలు లేచిందంటే లేచింది, లేవలేదంటే లేవలేదు. ఇంట్లోనూ అంతేనని మా ఆయన అందరికీ చెబుతుంటాడు.

ఆ లీగ్ టోర్నమెంటు నడిపేవాళ్లు ఈ మనిషిని నా నెత్తిన పెట్టడానికి కారణాలు రెండే. మా మేడ మీద ఖాళీగా ఉంది, నాకు ఇంగ్లీషు వచ్చు. ముప్పై అయిదు దగ్గరపడ్డ వయసు, ముక్కు మీద ఎప్పుడూ తెల్ల క్రీము, సెలవు పుచ్చుకుంటున్న ఎర్రజుట్టు. వచ్చిన రెండో రోజు పెరుగన్నం తిన్నాడు. ఆ తర్వాత వెళ్లిపోయేదాకా వేరే ఏదీ ముట్టలేదు.

సాయంత్రం బట్టలు తీయడానికి డాబా ఎక్కితే చాలు, తన బతుకు చెప్పేవాడు. నేను మడతలు పెడుతూ వినేదాన్ని. సముద్రం పక్కన ఏదో ఊరు. తండ్రి చిన్నప్పుడే ఇల్లు వదిలి వెళ్లిపోయాడు. తల్లి ఒక బడిలో వంట చేసి పెంచింది. పదహారేళ్లకు చదువు మానేసి అక్కడి కౌంటీ జట్టులో చేరాడు. కౌంటీ అంటే జిల్లా లాంటిదే గానీ, అక్కడ జట్టులో ఉండడమంటే జీతమొచ్చే ఉద్యోగం. మ్యాచ్ నాలుగు రోజులు, అందులో రెండు రోజులు వాన. చూడ్డానికి వచ్చినవాళ్లలో సగం మంది నిద్రపోతారట, మిగతా సగం మంది కుక్కల్ని తిప్పడానికి వస్తారట. మొదటి మ్యాచులో డకౌటు. రెండోది వానకు పోయింది కాబట్టి పరువు దక్కింది. దేశం తరఫున ఎన్నడూ ఆడలేదు గానీ ఒకే ఒక్కసారి దేశం జట్టుకు నీళ్లు మోశాడు. వాళ్లమ్మ ఆ ఫోటోను ఫ్రిజ్‌కు అంటించుకుంది, సీసాలు కనపడకుండా కింద కత్తిరించి.

ఆట ఉండేది ఆరు నెలలు. తక్కిన ఆరు నెలలూ పార్సిళ్లు పంచాడు, కంచెలకు రంగులేశాడు, క్రిస్మస్ చెట్లు అమ్మాడు. ఏటేటా కాంట్రాక్టు వస్తుందా రాదా అని వేసవి చివర గోళ్లు కొరుక్కున్నాడు. ఇది వింటున్నప్పుడు నాకు మా కాలేజీ కాంట్రాక్టు లెక్చరర్లు కళ్లముందు మెదిలారు. తెల్లవాళ్ల దేశంలోనూ ఇదే గోసా అని, నిజం చెప్పాలంటే, కొంచెం సంతోషం కూడా వేసింది.

ఆ ఏడాది కాంట్రాక్టు రాలేదు. కారణం స్పిన్. ఫాస్ట్ బౌలర్ ముందు రాయిలా నిలబడే మనిషి, బంతి మెల్లగా వచ్చి తిరిగిందా, కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తికమకపడతాడు. కోచ్ మాత్రం ఒక్క మాట అన్నాడట. "ఇండియా వెళ్లు. బంతి తిరిగే పిచ్ మీద ఒక్క పెద్ద ఇన్నింగ్స్ ఆడి నాకు చూపించు. ఇంకో ఏడాది నేను ఇప్పిస్తా." మా టోర్నమెంటు మ్యాచులు యూట్యూబులో లైవ్ వస్తాయి, మా పిచ్‌లు పగుళ్లు తేలి ఉంటాయి. ఇంకేం కావాలి. ఒక్క ఏడాది ఉద్యోగం కోసం అంత దూరం వచ్చి మా మేడ మీద చేరాడు. "ఈ పని తప్ప నాకు ఇంకోటి రాదు" అన్నాడు ఒకరోజు, డాబా గోడ మీద చేతులు పెట్టి మెట్రో వంక చూస్తూ. అప్పుడు మాత్రం నాకు వెటకారం రాలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాడు, గర్వంగానే. తన పద్దెనిమిదేళ్ల ఉద్యోగంలో బ్యాటుకు బంతి తగిలిందని తెలిసి కూడా అంపైర్ వేలెత్తకముందు తనంతట తాను ఒక్కసారీ వెళ్లలేదట. అక్కడ అలా వెళ్లిపోయే పెద్దమనుషులు కొందరు ఉంటారట. "అది అంపైర్ పని. వాళ్ల పని నేనెందుకు చేయాలి? నా పని వాళ్లు చేస్తారా?" అన్నాడు. నాకు నచ్చింది. మన దగ్గర మాత్రం ఎవడు వెళతాడు? మిడిల్ స్టంపు వెళ్లి కీపర్ కాళ్ల దగ్గర పడ్డా, గాలికి పడ్డదేమో చూడక్కా అనేవాళ్లనే నేను చూశాను.

అయితే మా క్యాంపస్‌లో ఇంకో క్రికెట్ ఉంది. దానికి అంపైర్లు లేరు. ఆదివారం తెల్లవారగానే, లీగ్ మ్యాచ్ మొదలుకాకముందే, అదే గ్రౌండులో టెన్నిస్ బంతితో హాస్టళ్ల వాళ్లు, అడిక్‌మెట్ రూముల వాళ్లు, సీతాఫల్‌మండి నుంచి వచ్చేవాళ్లు కలిసి ఆడతారు. నాలుగైదు ఆటలు ఒకదాని మీద ఒకటి పడి నడుస్తుంటాయి. ఒక ఆటలో స్లిప్‌లో నిలబడ్డవాడు ఇంకో ఆటలో లాంగాన్ అవుతాడు. మధ్యలోంచి గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్లు ఆర్టికల్స్ వల్లె వేస్తూ నడిచిపోతారు. అంపైర్‌గా నిలబడేది బ్యాటింగ్ వంతు కోసం ఆగినవాడే, అంటే ఎవరి మనిషో వేరే చెప్పాలా. అందుకని అక్కడ ఆఖరి కోర్టు ఒకటే. అమ్మతోడు.

దానికి చట్టం ఉంది. ఊరికే అడగకూడదు, నూటికి నూరుపాళ్లు అనుమానం ఉంటేనే అడగాలి. అడిగితే బ్యాట్స్‌మన్ గొంతు దగ్గర చర్మం రెండు వేళ్లతో పట్టుకుని చెప్పాలి. చెప్పాక ఇంక నోరెత్తకూడదు, బౌలర్ మర్యాదగా వెనక్కి వెళ్లాలి. అమ్మ లేనివాణ్ణి అసలు అడగకూడదు, వాడు ఎంత చెబితే అంత. దొంగ ఒట్టు పెట్టినవాడికి శిక్ష కూడా ఉంది. ఇక వాణ్ణి ఎవరూ అడగరు. అంతే.

ఈ కోర్టుకు పెద్ద ఒక కీపర్. తెలుగులో పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఎన్నేళ్ల నుంచి అని అడిగితే మాట మారుస్తాడు. నల్గొండ వైపు పల్లె, అడిక్‌మెట్‌లో రూము. చిన్నప్పుడే తల్లి పోయింది కాబట్టి వాణ్ణి అడిగేవాళ్లు లేరు. ఆ చట్టాన్ని వాడు ఎంత వాడుకున్నాడో ఆ దేవుడికే తెలియాలి.

డిసెంబరులో ఒక ఆదివారం మా అద్దెకున్నాయన్ని నేనే అక్కడికి తీసుకెళ్లాను. టేపు చుట్టిన టెన్నిస్ బంతి ఆ గతుకుల్లో పాములా తిరుగుతుంది, కాళ్లు కదపడం నేర్చుకుంటాడని. కుర్రాళ్లు ఎగిరి గంతేశారు, అప్పటికప్పుడు ఇంగ్లండన్న అని పేరు పెట్టేశారు. మూడో బంతికే బ్యాటు అంచు తగిలింది. పక్కన ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నా నాకు వినపడింది. కీపర్ పట్టాడు. ఇంగ్లండన్న అలవాటు కొద్దీ ఆకాశం చూస్తూ నిలబడ్డాడు.

"అన్నా, అమ్మతోడా?" అన్నాడు కీపర్.

నా వంక చూశాడాయన. నేను అనువాదం చేశాను, గొంతు ఎలా పట్టుకోవాలో కూడా చూపించాను. పకపకా నవ్వాడు. ఇంత తేలికా అన్నట్టు గొంతు పట్టుకుని, తగల్లేదని చెప్పేశాడు. కీపర్ ఒక్క క్షణం ఆయన్ని చూసి బంతిని బౌలర్‌కు విసిరాడు. ఆట సాగింది. ఆ తర్వాత ఆయన ముచ్చటగా ముప్పై పరుగులు కొట్టాడు. చప్పట్లు కొట్టినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

రెండు రోజులు తిరక్కుండా ఫోను వచ్చింది. వాళ్లమ్మ ఇంటి ముందు మంచు మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది.

నేను హేతువాదిని. ఇంగ్లండులో డిసెంబరులో మంచు పడుతుంది, డెబ్బై దాటిన మనిషి జారుతుంది, దీనికీ దానికీ సంబంధం లేదని కుర్రాళ్లకు ఒక పీరియడ్ క్లాసు పీకాను. అంతా విన్నారు. కీపర్ అన్నాడు, "నువ్వు చెప్పింది కరెక్టే అక్కా. మేమేం అన్నం? మేమేమన్న శాపం పెట్టినమా?" ఆపైన, "అమ్మ ఉన్నోళ్లకు ఇలువ తెల్వదు" అని ప్యాడ్లు లేని కాళ్లను గోక్కుంటూ వెళ్లిపోయాడు.

ఆపరేషన్ జరిగింది, ఆమె కోలుకుంది, వాకర్ పట్టుకుని నడవడం మొదలుపెట్టింది. ఇంగ్లండన్న మాత్రం ప్రతి ఆదివారం ఆటకు వస్తూనే ఉన్నాడు. రానివ్వం అని ఎవరూ అనలేదు. మంచినీళ్లు ఇచ్చారు, జోకులు వేశారు, కాళ్లు ఎలా కదపాలో ఓపిగ్గా నేర్పారు. కానీ ఆయన బ్యాటుకు ఏది తగిలినా, తగలకపోయినా, ఒక్కడూ అప్పీల్ చేయలేదు. మిగతా అందర్నీ అమ్మతోడా అని నిలదీస్తూనే ఉన్నారు. ఆయన దగ్గరికి వచ్చేసరికి బంతి తీసుకుని వెనక్కి నడుస్తారు. ఒకసారి నిజంగా తగలకుండానే కీపర్ చేతిలో పడింది. ఆయనే గొంతు పట్టుకుని తగల్లేదు, తగల్లేదు అన్నాడు. ఎవరూ అటు చూడలేదు.

"వీళ్లు నన్ను ఎందుకు అడగరు?" అన్నాడు ఆ సాయంత్రం డాబా మీద.

ఇదే మాట నేను కీపర్‌ను అడిగి ఉన్నాను. "అబద్ధమాడిన నోటిని మళ్ల ఏం అడుగుతం అక్కా?" అన్నాడు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి చెప్పాను. పద్దెనిమిదేళ్లలో వందమంది అంపైర్లను మోసం చేసినా రాత్రి నిద్ర చెడని మనిషి, ఆరోజు పెరుగన్నం సగంలో వదిలేశాడు. నాకు జాలేసింది. కుర్రాళ్ల మీద కోపం కూడా వచ్చింది, ఏం చూసుకుని వీళ్లకింత పొగరు అని.

అసలు లీగ్ మ్యాచుల్లో ఆయన పరిస్థితి అంతకంటే గొప్పగా లేదు. పది, పదిహేను, ఒకసారి రనౌటు, ఒకసారి సున్నా. కోచ్‌కు పంపడానికి ఏమీ లేదు. ఫిబ్రవరిలో చివరి మ్యాచ్ మిగిలింది. తార్నాక జట్టుకు ఆయన, ఎదురుగా క్యాంపస్ జట్టు. వాళ్ల కీపర్ మనవాడే. అంపైర్‌ను నేను. ఇంగ్లండులో ఇంకా తెల్లవారనే లేదు, అయినా కోచ్ లైవ్ చూస్తానన్నాడు. వాళ్లమ్మ కూడా లేచి కూర్చుంటుందట. ఆ ఇన్నింగ్స్ పెద్దదైతే ఏడాది ఉద్యోగం. లేకపోతే బ్యాటు మూలన పెట్టడమే.

ఆరోజు ఆయన కాళ్లు కదిలాయి. ఆ గతుకుల ఆట పుణ్యమా అని ముందుకొచ్చి ఆడాడు, వెనక్కెళ్లి ఆడాడు, తిరిగే బంతిని తిరిగిన వైపే తోశాడు. నలభై దాటాడు. క్యాంపస్ ఆఫ్ స్పిన్నర్ ముఖం వాడిపోయింది. ఇంకో గంట నిలబడితే చాలు. నేను పక్షపాతం లేని మనిషిని. కానీ లోపల ఎవరో నిలబడు నాయనా, నిలబడు అంటున్నారు. అది నేనే అయుండాలి.

అప్పుడే గ్రౌండు పక్క రోడ్డు మీదికి ఊరేగింపు వచ్చింది. ఉద్యోగాల నోటిఫికేషన్ వేయాలని హాస్టళ్ల వాళ్ల ర్యాలీ. డప్పులు దద్దరిల్లుతున్నాయి. ఆ డప్పుల మధ్య బంతి తిరిగింది, బ్యాటు పక్క నుంచి వెళ్లింది, కీపర్ పట్టాడు. బౌలర్ నా మీదికి ఎగిరాడు. నాకు చప్పుడు వినపడలేదు, బంతి దారి మారినట్టు కనపడలేదు. వినపడనిది, కనపడనిది చట్టం ప్రకారం నాటౌట్. ఉద్యోగాలు కావాలనేవాళ్లే ఒకడి ఉద్యోగం నిలబెడుతున్నారని కూడా నాకు ఆ క్షణంలో తట్టలేదు. "నాటౌట్" అన్నాను.

బౌలర్ తల పట్టుకున్నాడు. కీపర్ అరవలేదు. గ్లవ్స్ విప్పి చంకలో పెట్టుకుని రెండడుగులు ముందుకొచ్చాడు. రెండు నెలలుగా ఎవరూ ఆయన్ని అడగని మాట, లీగ్ మ్యాచులో ఎవరూ ఎవర్నీ అడగని మాట, మెల్లగా అడిగాడు.

"అన్నా. అమ్మతోడా?"

ఇది లీగ్ మ్యాచ్, ఈ వేషాలు ఇక్కడ కుదరవు, వెళ్లి నీ చోట నిలబడు అని నేను కీపర్‌ను కసిరాను. ఆయన కీపర్‌నే చూస్తున్నాడు. చేయి గొంతు దాకా లేచింది. అక్కడే కాసేపు ఉండి కిందికి దిగింది. తర్వాత బ్యాటు చంకలో పెట్టుకుని, నా వైపు ఒకసారి తలవంచి, పెవిలియన్ వైపు నడవడం మొదలుపెట్టాడు.

నాకు పిచ్చెక్కింది. నేను నాటౌట్ అన్నాక అవుటయినవాడు నా సర్వీసులో లేడు. "వెనక్కి రా, నేను నాటౌట్ ఇచ్చాను" అని ఇంగ్లీషులో అరిచాను, తెలుగులో అరిచాను. ఆయన ఆగలేదు. బ్యాట్స్‌మన్ తనంతట తాను వెళితే వెళ్లొచ్చని చట్టంలో ఉంది, నాకు తెలుసు. ఆ చట్టం రాసినవాణ్ణి కూడా తిట్టుకున్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపం వల్లేనని ఆరోజు అందరికీ చెప్పాను. కాదు. ఆ మనిషి ఏం పోగొట్టుకుని వెళుతున్నాడో గ్రౌండులో నా ఒక్కదానికే తెలుసు, అందుకు.

లంచ్‌లో వాళ్లమ్మ వీడియో కాల్ చేసింది. ఆయన చెట్టు కింద ప్యాడ్లతోనే కూర్చుని ఉన్నాడు. నేను తగువు పెట్టుకోవడానికి వెళ్లి, అది వదిలేసి పక్కనే నిలబడి విన్నాను. వినడం మర్యాద కాదని తెలుసు. తెల్లజుట్టు, నైటీ, పక్కన వాకర్, చేతిలో టీ కప్పు.

"నిజాయితీ మొదలుపెట్టడానికి నీకు ఇవాళే దొరికిందా, వెర్రివాడా?" అంది ఆమె.

అంపైర్ నాటౌట్ ఇచ్చింది కదా, తగిలిందని నీకెలా తెలుసన్నాడు ఆయన.

"పద్దెనిమిదేళ్లుగా తెలుసు. తగిలినా తగలనట్టు నిలబడ్డ ప్రతిసారీ నువ్వు ఎడమ చేతి గ్లవ్ పట్టీ విప్పి మళ్లీ బిగించుకుంటావు. బౌండరీ దగ్గర కుర్చీ వేసుకుని అన్నీ చూశాను. నీతో ఎప్పుడూ అనలేదు. ఇవాళ నువ్వు పట్టీ ముట్టుకోలేదు. ముట్టుకోకుండా నడవడం మొదలుపెట్టావు. నేను చూడడం ఇదే మొదలు, అదీ ఫోనులో."

ఆయన తన ఎడమ చేతి వంక చూసుకున్నాడు. తర్వాత డిసెంబరు సంగతి అంతా చెప్పాడు. టెన్నిస్ బంతి, ఒట్టు, రెండు రోజులకే ఆమె తుంటి విరగడం. ఆమె నవ్వింది. టీ ఒలికేలా నవ్వింది. "నీ అబద్ధాలకు నా ఎముకలు విరిగేటట్టయితే ఈపాటికి ఒళ్లంతా పిండి అయిపోయేది కదరా" అంది. తర్వాత నవ్వడం ఆపి, "బాగా ఆడావు" అంది. ఆయన తల వంచుకుని ప్యాడ్లు విప్పడం మొదలుపెట్టాడు. పట్టీలు ఊడి రావడానికి చాలాసేపు పట్టింది.

కోచ్ మెసేజ్ సాయంత్రానికి వచ్చింది. చక్కగా ఆడావు, కానీ చిన్న ఇన్నింగ్స్. అంతే. ఇంకెవరైనా అయితే ఆ కీపర్‌ను పట్టుకుని తన్నేవాళ్లు. నేను తన్నడానికి సిద్ధంగానే ఉన్నాను. ఎందుకు అడిగావురా అన్నాను. "వేరేటోళ్లనైతే అడగకపోతుంటి అక్కా. ఇగ ఎల్లిపోతుండు గద అన్న. ఒక్కపారన్న అడగాలె అనిపించింది" అన్నాడు.

వెళ్లే ముందు ఆదివారం ఇంగ్లండన్న చివరిసారి టెన్నిస్ బంతి ఆటకు వచ్చాడు. నేనూ వెళ్లాను, తెల్లకోటు లేకుండా. తమ ఊళ్లో బడి పిల్లలకు ఆట నేర్పే పని ఉందని, అడిగి చూస్తానని దారిలో చెప్పాడు. వాళ్లమ్మ వంట చేసిన బడే. రెండో ఓవర్లో బంతి లేచి బ్యాటు పక్కనుంచి వెళ్లి కీపర్ చేతిలో పడింది. ఈసారి కీపర్ ఒక్కడే కాదు, బౌలరు, స్లిప్పు, పక్క ఆటలో లాంగాన్ నిలబడ్డవాడు కూడా, అందరూ కలిసి ఒకే గొంతుతో అడిగారు, అమ్మతోడా అన్నా అని.

ఆయన ముఖం వెలిగిపోయింది. గొంతు దగ్గర చర్మం రెండు వేళ్లతో పట్టుకుని, తెలుగులోనే అన్నాడు, "అమ్మతోడు. తగల్లే."

నేను అలవాటు కొద్దీ ఆయన ఎడమ చేతి వైపు చూశాను. టెన్నిస్ బంతి ఆటకు గ్లవ్స్ ఉండవు. కుర్రాళ్లు ఎవరూ ఏమీ చూడలేదు. బౌలర్ బంతిని ప్యాంటుకు తుడుచుకుంటూ అప్పటికే వెనక్కి నడుస్తున్నాడు.